రెండు పథ్యాల బాలింత

తక్కెడ ముల్లు కాసేపు అటూ ఇటూ ఊగి రెండు కిలోల ఏడువందల గీత మీద ఆగింది. ఊరి నర్సు మిస్సీ రొగాయా వంగి చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. ముల్లు కదల్లేదు. పది రోజుల కిందట, పుట్టిన పూట, ఇదే గుడ్డ ఉయ్యాలలో వేలాడుతూ ఈ పిల్ల రెండు కిలోల తొమ్మిదివందలు తూగింది.

"పెరగాల్సిన పిల్ల తరుగుతోందేమిటి రుహానా? పాలు పడటం లేదా?"

రుహానా నోరు తెరిచేలోపే తల్లి కల్సోమ్ అందుకుంది. "మొదటి కాన్పు కదా మిస్సీ. కాస్త ఆలస్యంగా పడతాయి."

"పడకేం, పడతాయి," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తగారు తుకిరా.

"నేనడిగింది తనని. సరిగ్గా తింటున్నావామ్మా? ఆకుకూరలు, చేపలు, కడుపునిండా మంచినీళ్ళు?"

రుహానా అమ్మ వంక చూసింది, అత్త వంక చూసింది. ఇద్దరూ ఒకరిని మించి ఒకరు తల ఊపుతున్నారు. "తింటున్నా మిస్సీ," అంది.

అది పచ్చి అబద్ధం. పది రోజులుగా తెల్లన్నం, ఉప్పు, మిరియాల పొడి తప్ప ఆ పిల్ల మరొకటి నోట పెట్టి ఎరగదు.

మిస్సీ తక్కెడ విప్పి సంచిలో పెట్టుకుంది. "వచ్చే గురువారం వస్తా. కనీసం రెండు గీతలు, అంటే రెండువందల గ్రాములు, పైకి రావాలి. రాలేదో, డబ్బా పాలు తెచ్చి నా చేత్తో నేనే పట్టిస్తా, పట్నంలో పెద్దాసుపత్రికి చీటీ కూడా రాస్తా. తర్వాత నన్ననకండి."

స్కూటర్ కాలవ మీది చెక్కవంతెన దాటి, కొబ్బరిచెట్ల మధ్య మాయమయ్యేదాకా ఇద్దరు పెద్దవాళ్ళూ మర్యాదగా చూస్తూ నిలబడ్డారు.

"పెళ్ళే కాని పిల్ల. బాలింతల సంగతి దీనికేం తెలుసు?" అంది కల్సోమ్.

"బాగా చెప్పారు వదినా," అంది తుకిరా.

ఈ వియ్యపురాళ్ళిద్దరికీ మనసా వాచా ఏకాభిప్రాయం కుదిరిన విషయం బహుశా అదొక్కటే. లోపల రుహానా పిల్లని రొమ్ముకి అదుముకుంది. చెంపక నాలుగు గుక్కలు లాగింది, వదిలింది, మళ్ళీ పట్టింది, ఇంకేమీ రాకపోయేసరికి ఆరున్నొక్క రాగం అందుకుంది. ఆసుపత్రి మాట విన్నప్పటి నుంచి రుహానా గుండెలో రాయి పడినట్టే ఉంది. డబ్బా పాల మీద ఆమెకి కోపం లేదు. కన్నబిడ్డ ఆకలి తను తీర్చలేకపోతోంది, అదీ ఆమె ఏడుపు. వారం రోజులుంది. రెండు గీతలు.

ఆ ఊళ్ళో కాలవకి ఇటు మలాయి వాళ్ళు, అటు జావా వాళ్ళు. తాతల నాడు జావా నుంచి ఓడల్లో వచ్చి, బురదనేలలో ఆ కాలవ తవ్వి, కొబ్బరీ కాఫీ పెట్టుకున్నారు వాళ్ళు. ఇప్పుడు అందరికీ ఒకే మసీదు, ఒకే సంత. పిల్లలు కాలవకి అటూ ఇటూ ప్రేమించుకుని పెళ్ళాడుతున్నారు కూడా. కానీ వంటింటి గడప దాటితే రెండు దేశాలే. ఎంత కలిసిపోయినా బాలింత దగ్గరికొచ్చేసరికి ఎవరి అమ్మమ్మ వాళ్ళకి గుర్తొస్తుంది.

మొదటి కాన్పు కనుక రుహానా తల్లి దగ్గరే ఉంది. నలభై నాలుగు రోజుల పథ్యం. కల్సోమ్ ఏ లోటూ చెయ్యలేదు. పది గజాల నడికట్టు, నుదుటికి పసుపుముద్ద, ఒళ్ళంతా అల్లం పట్టు, పొద్దునా సాయంత్రం ఆకుల్లో చుట్టిన వేడిరాయితో కాపడం. మధ్యాహ్నం కాలవలో పట్టిన కొరమీను, మిరియాలు దట్టించి బొగ్గుల మీద కాల్చింది. లోపలి పచ్చిపుండు మానాలంటే కొరమీనుని మించింది లేదు. నీళ్ళు మాత్రం పూటకి అరగ్లాసు గోరువెచ్చగా, అంతే.

పళ్ళెం పెట్టి బయటికి వెళ్ళబోతూ కల్సోమ్ మొదటిరోజే కూతురి చెవిలో వేసింది. "మీ అత్త ఆకుకూరలు పట్టుకొస్తుంది. తీసుకో, దణ్ణం పెట్టు, మంచిమాట చెప్పు. ఒక్క ఆకు నోట్లో పెట్టావో, చలవ చేసి వాయువు తలకెక్కుతుంది. మెరోయాన్ వచ్చి పిచ్చిదానివైపోతావు. పిల్లనెవరు చూస్తారు?"

ఆ వెనకే తుకిరా వంతెన దాటి వచ్చింది. చేతిలో మూడు గిన్నెల కారియర్, చంకలో సీసా. సీసాలో పాలు పడే జమూ కషాయం, గిన్నెల్లో కటుక్ ఆకు పులుసు, బొప్పాయి ఆకు వేపుడు, ఉడికించిన ఆకుకూరల మీద కొబ్బరికోరు. ఆకు తినని తల్లికి పాలెక్కడివని ఆమె నమ్మకం. వదినగారు అటు తిరగ్గానే కోడలి మంచం మీదికి వంగింది. "మీ అమ్మ చేప కాల్చింది, వాసనొచ్చింది. ఆవిడ మనసు కష్టపెట్టకు. కానీ ముట్టుకోకు. పాలు నీచువాసనొస్తాయి, పిల్ల కక్కేస్తుంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నా."

గట్టిగా జుట్లు పట్టుకునే వియ్యపురాళ్ళయితే ఈ కథే లేదు. మొదటిరోజే రేగి, సాయంత్రానికి తేలిపోయేది. కానీ వీళ్ళది మర్యాద. ఎదురుగా "మీరెలా అంటే అలాగే వదినా," చాటున గుసగుస. ఇలాంటి మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రుహానా ఏం చేస్తుంది? తన ఒంటి సంగతైతే ఎవరో ఒకరి మాట గాలికి వదిలి తినేసేదే. చెంపక పుట్టకముందు ఆమె అంత భయస్తురాలు కాదు. ఇప్పుడు పక్కలో అరచేయంత మొహం ఒకటుంది. ఆకు తింటే తనకి పిచ్చి, చేప తింటే పిల్లకి వాంతి. అమ్మ అబద్ధం చెప్పదు, అత్త అబద్ధం చెప్పదు. అందుకని ఇద్దరి మాటా విన్నది. మిగిలింది తెల్లన్నం.

మరి చేపా, ఆకులూ, సీసా కషాయమూ ఏమవుతున్నాయంటే, ఆమె మొగుడు మిస్రాన్ పొట్టలోకి పోతున్నాయి. గది కిటికీ కింద వంటింటి వెనక మెట్లున్నాయి. కాఫీతోట నుంచి మధ్యాహ్నం వచ్చి అతను అక్కడ కూచునేవాడు. పైనుంచి పళ్ళెం దిగేది, ఖాళీ పళ్ళెం పైకెక్కేది. మొదట్లో పాపం జాలిపడే తిన్నాడు.

గురువారం మిస్సీ హెచ్చరించి వెళ్ళాక ఇద్దరమ్మలూ కొంగు బిగించారు. ఒక కొరమీను రెండైంది. మూడు గిన్నెల కారియర్ నాలుగు గిన్నెలైంది. సీసా స్థానంలో కూజా వచ్చింది. శనివారం నాటికి మిస్రాన్ పొట్ట మొయ్యలేక మెట్ల మీద చేరగిలబడ్డాడు.

"ఇక నావల్ల కాదే. ఈ కషాయం పాలు పడటానికట. నాకెక్కడ పడతాయి?"

"పారబోస్తే అత్తయ్యకి వాసన తెలిసిపోతుంది. తాగు అబాంగ్," అని మొగుణ్ణి బతిమాలింది.

"లుంగీ ముడి పడట్లేదు తెలుసా? తోటలో అందరూ కాన్పు నీకా, మీ ఆవిడకా అంటున్నారు."

రుహానాకి నవ్వు రాలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని అతని చేతిలోని చేప వంకే చూస్తోంది. బొగ్గుల మీద కాలి అంచులు నల్లబడ్డాయి, మిరియాలు అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను చూశాడు.

"నువ్వసలు ఏం తింటున్నావ్?"

"అన్నం."

"అన్నంతో?"

"ఉప్పుతో."

"ఎన్ని రోజులుగా?"

"దీన్ని కన్నప్పటి నుంచి." మిస్రాన్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అతను మంచివాడే, కాస్త ఆలస్యంగా వెలుగుతుంది, అంతే. ఇన్ని రోజులుగా పెళ్ళాం ఏదో కొంచెం తిని మిగిలింది దింపుతోందనుకున్నాడు.

"ఇప్పుడే వెళ్ళి ఇద్దరికీ చెప్పేస్తా."

"చెబితే దెబ్బలాడుకుంటారు. పిల్లకేమైనా అయితే? నేనే ఎలాగో... పాలు వస్తాయిలే. అందరికీ వస్తాయి కదా."

అతను చెప్పలేదు. అమ్మంటే భయం, అత్తగారంటే అంతకన్నా భయం. కానీ ఆ రోజంతా మింగుడు పడలేదు.

ఆదివారం మధ్యాహ్నం పళ్ళెం దిగింది, కారియర్ దిగింది. ఈసారి మిస్రాన్ తినలేదు. ఒక చేతిలో చేప, ఇంకో చేతిలో ఆకుకూర గిన్నె పట్టుకుని కిటికీ వంక తలెత్తి బతిమాలుతున్నాడు. "ఒక్క ముద్ద తినవే. ఏదో ఒకటి. నీ ఇష్టం వచ్చింది."

పసుపుకొమ్మ తవ్వడానికి పెరట్లోకి వచ్చిన కల్సోమ్ అరటిచెట్ల పక్కన ఆగిపోయింది. కూజా మూత మరిచిపోయి వెనక్కి వచ్చిన తుకిరా నూతిగట్టు దగ్గర ఆగిపోయింది. ఇద్దరూ ఒకేసారి చూసిందేమిటంటే, తమ వంట తమ వాడి చేతుల్లో.

"నా కొరమీను నీ దగ్గరికెలా వచ్చింది నాయనా?" అంది కల్సోమ్, మెత్తగా, భయంకరంగా.

"నా కటుక్ ఆకు నువ్వు మింగుతున్నావేంట్రా?" అంది తుకిరా. అప్పుడే కొడుకుని పైనుంచి కిందకి పరికించి చూసింది. నున్నటి బుగ్గలు, నిగనిగలాడే మెడ, లుంగీ మీదికి జారిన పొట్ట. "కషాయం కూడా నువ్వేనా?"

మిస్రాన్ తల దించుకున్నాడు. "కూజాడు," అన్నాడు.

ఇక కట్ట తెగింది. నా కూతురికి చేప వద్దన్నదెవరు? నా కోడలికి ఆకు వద్దన్నదెవరు? మీరా? నేనే. మీరా? నేనేనమ్మా, ఏం? నాలుగేళ్ళుగా వదినా వదినా అని దాచుకున్నదంతా నూతిగట్టు మీద గుమ్మరించుకున్నారు. పక్కింటి కోళ్ళు కంచె కిందనుంచి పారిపోయాయి.

"బాలింతకి గడ్డి పెట్టి చలవ చేయించి చంపుతారా?"

"పచ్చి బాలింతకి నీచు పెట్టి పిల్లని కక్కించి చంపుతారా?"

"మీ జావాలో ఏం చేస్తారో నాకనవసరం. నలభై నాలుగు రోజులు ఇది నా ఇల్లు."

"కడుపున పుట్టింది నా కొడుకు బిడ్డ."

"కొడుకు సంగతి తెలుస్తూనే ఉంది. ఇంకో నాలుగు రోజులైతే పాలు కూడా ఇస్తాడు."

ఆ మాటకి మిస్రాన్ గిన్నె కింద పెట్టేశాడు. అప్పుడే పైమెట్టు మీద తలుపు తెరుచుకుంది.

పథ్యం మొదలయ్యాక రుహానా గది దాటి రావడం అదే మొదలు. నడికట్టు సగం ఊడి మెట్ల మీద జీరాడుతోంది. నుదుటి పసుపు చెమటకి కారుతోంది. చంకలో చెంపక గుక్కపట్టి ఏడుస్తోంది. ఎప్పుడూ గొంతెత్తని పిల్ల నోరంతా తెరిచి అరిచింది.

"అమ్మా, నాకు ఆకలేస్తోంది. అత్తయ్యా, ఆకలేస్తోంది నాకు. పదమూడు రోజులుగా ఆకలేస్తోంది."

ఇద్దరూ మెట్ల దగ్గరికి వచ్చారు.

"నువ్వు ఆకు తినొద్దన్నావు, తినలేదు. మీరు చేప తినొద్దన్నారు, తినలేదు. మీ ఇద్దరి మాటా విన్నాను. దీనికి పాల్లేవు. గురువారం దీన్ని ఆసుపత్రికి పంపేస్తారు." ఆమె ఏడుస్తోంది, కానీ మాట తడబడలేదు. "ఇంకెవరి మాట వినాలో మీరిద్దరూ ఇప్పుడే తేల్చండి."

కల్సోమ్ మెట్టు మీద కూలబడింది. ఆమె నోటినుంచి వచ్చింది కోపం కాదు. "మీకు తెలీదు వదినా. నాకో చెల్లెలుండేది. రొమ్లా. కాన్పయిన పన్నెండో రోజున దొంగతనంగా సొరకాయ కూర తింది, కుండంతా. ఆ సాయంత్రానికే మాట మారింది. తెల్లారి చూస్తే కాలవలో మొలలోతు నీళ్ళలో నిలబడి పాడుతోంది. గదిలో పెట్టి గొళ్ళెం వేశాం. ఆ ఏడే పోయింది. నా కూతురిక్కూడా అలా అవుతుందేమోనని... నాకు నిద్ర పట్టదు వదినా."

తుకిరా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వీడికన్నా ముందు నాకొకడు పుట్టాడు. సుగెంగ్ అని పేరు పెట్టుకున్నాం. ఇరవై రోజులు బతికాడు. తాగినదల్లా కక్కేవాడు. కక్కడం మొదలెట్టే ముందురోజు నేను చేప తల తిన్నాను, కోరికపుట్టి. నీ పాలే వాణ్ణి చంపాయంది మా అత్త. ముప్పై ఏళ్ళయింది." ఆమె మిస్రాన్ వంక చూడలేదు. అతనికి ఆ అన్న సంగతి అంతవరకూ తెలీదు.

నాలుగేళ్ళ వియ్యంలో ఒకరి ఇంట్లో ఒకరు ఎన్ని పండగలు తిన్నారో, ఈ ముక్క మాత్రం ఒకరికొకరు చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే రుహానా పదమూడు రోజులు మాడేది కాదు.

రుహానా రెండు మెట్లు దిగి తల్లి పక్కన కూచుంది. ఆమె గొంతు ఇప్పుడు మామూలుగానే ఉంది. "నాకు పిచ్చెక్కితే కట్టెయ్యండి. పిల్ల కక్కితే కడుక్కుందాం. ఇప్పుడు మాత్రం నాకు అన్నం పెట్టండి."

ఎవరూ కదలకపోతే మిస్రానే లేచాడు. జీవితంలో మొదటిసారి ఎవరినీ అడక్కుండా ఒక పని చేశాడు. వంటింట్లోకి వెళ్ళి అరిటాకులో వేడివేడిగా అన్నం తెచ్చాడు, దాని మీద కొరమీను ముక్క పెట్టాడు, పక్కన కటుక్ ఆకు పులుసు పోశాడు, పెళ్ళాం ఒళ్ళో పెట్టాడు. పిల్లని తను ఎత్తుకున్నాడు.

రుహానా తింది. ఎలా తిందంటే, మొదటి మూడు ముద్దలు నమిలిందో లేదో కూడా చెప్పలేం. చేప ముల్లు వేళ్ళతో లాగి పారేసి, కటుక్ పులుసుని అరిటాకు అంచుకి పెదాలు ఆనించి తాగింది. మిరియాల ఘాటుకి ముక్కు కారుతోంది, తుడుచుకోవడం లేదు. ఒంట్లోకి ప్రాణం దిగుతున్నట్టుంది ఆమెకి. ఇంత రుచి ఈ లోకంలో ఉందని ఎలా మరిచిపోయానా అనుకుంది. రెండోసారి పెట్టమంది. మూడోసారి పెట్టమంది.

కల్సోమ్ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. "ఇలాగే తింది," అంది ఉన్నట్టుండి.

"ఎవరు వదినా?"

"రొమ్లా. కుండ దగ్గర కూచుని ఇలాగే తింది. వంగి, రెండు చేతులతో. అప్పుడే పిచ్చి మొదలైందనుకున్నాం." ఆమె కూతురి నుదుటి మీద కారుతున్న పసుపు తుడిచింది. "అంతకుముందు పన్నెండు రోజులు దానికేం పెట్టామో ఎవరూ తల్చుకోలేదు. నేనే పెట్టేదాన్ని. అన్నం, మిరియాలు. దాని పిచ్చెందుకొచ్చిందో నాకు తెలీదు. కానీ అది ఆకలితో ఉంది వదినా. అది మాత్రం నాకిప్పుడు తెలుస్తోంది."

తుకిరా దగ్గరికొచ్చి ఆమె పక్కన కూచుంది. ఓదార్పు మాటలు ఆమెకి చేతకావు. కాసేపు వదినగారి వీపు రాసి, "పిల్లకి నీళ్ళివ్వండి వదినా," అంది. "అరగ్లాసు కాదు. చెంబు తెండి."

ఆ క్షణం నుంచి ఇంట్లో పండగే. పండగంటే హడావిడి అని అర్థం, ప్రశాంతత కాదు. ఆదివారం సాయంత్రం, సోమవారం పొద్దున, మధ్యాహ్నం, మళ్ళీ సాయంత్రం, ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర మోచేతులు తగిలించుకుంటూ వండారు. చాటుమాటు గుసగుసలు పోయాయి, ఇప్పుడు అరుపులే. "మిరియాలు చాలించండి వదినా, పిల్ల నోరు కాల్తుంది." "మీ కొబ్బరి కాస్త తగ్గించండి, ఇది పెళ్ళి కాదు." మిస్రాన్‌కి గడప బయటే గంజన్నం పెట్టారు. అతను కిక్కురుమనకుండా తిన్నాడు.

భయాలు మాత్రం ఒక్కపూటలో పోలేదు. తుకిరా పిల్ల పాలు తాగినప్పుడల్లా వంగి నోరు వాసన చూసేది. కల్సోమ్ కూతురి మాటలన్నీ తూకం వేసేది. సోమవారం మధ్యాహ్నం గంజి ముందు కూచున్న మొగుడి మొహం చూసి రుహానా పకపకా నవ్వింది. కల్సోమ్ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ఎందుకు నవ్వావ్?"

"నవ్వొచ్చింది."

"ఇవాళ ఏ వారం?"

"సోమవారం."

"నా పేరేంటి?"

"అమ్మా, పులుసు మాడుతోంది," అంది రుహానా. కల్సోమ్ వాసన పీల్చి, నిజమేనని తేలాక ఊపిరి తీసుకుని వెళ్ళింది.

మంగళవారం తెల్లారేసరికి రుహానా రవిక ముందంతా తడిసి ఉంది. మొదట చెమటనుకుంది. తర్వాత రొమ్ములు రాళ్ళలా బరువెక్కి, లోపల సూదులు గుచ్చుతున్నట్టు జివ్వుమంటోంటే అర్థమైంది. పిల్లని లేపి నోటికందించింది. చెంపక ఒక గుక్క లాగి, ఉక్కిరిబిక్కిరై, దగ్గి, అమ్మ మొహం వంక కళ్ళు విప్పార్చి చూసి, మళ్ళీ పట్టుకుంది. ఈసారి వదల్లేదు. తాగి తాగి నోరు తెరిచినట్టే నిద్రపోయింది.

ఆ ఇల్లు పిల్ల ఏడుపుకి ఎంత అలవాటు పడిందంటే, నిశ్శబ్దానికి ఇద్దరమ్మలూ హడలిపోయారు. ఏడవదేంటి, ఏమైంది? ఒకరు ముక్కు దగ్గర వేలు పెట్టారు, ఒకరు పొట్ట మీద చెయ్యి వేశారు. "నిద్రపోతోంది, పొండి బయటికి," అని కసిరింది రుహానా. తల్లినీ అత్తనీ ఒకే నోట కసరడం ఆమెకదే మొదలు, చాలా బాగుంది కూడా.

బుధవారం చెంపక కక్కింది. తుకిరా భుజం మీదే. పాలు విరిగిన తెల్లటి ముద్ద చీర మీదుగా జారింది. తుకిరా మొహంలో రక్తం లేదు. కదలకుండా నిలబడి, కళ్ళు మూసుకుని, ఆ తడి వేలితో తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"నీచు లేదు," అంది ఎవరితోనో. "వట్టి పాలవాసన."

చెంపక ఎక్కిళ్ళు ఆపి, ఇంకా కావాలన్నట్టు ఆమె మెడ చీకడం మొదలుపెట్టింది. తుకిరా దాన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఎవరూ వద్దనలేదు.

గురువారం స్కూటర్ చప్పుడు వినపడగానే రుహానా పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. పిల్ల బరువెక్కినట్టే ఉంది. కానీ నాలుగు రోజులు సరిపోతాయా? రెండు గీతలంటే రెండు గీతలే, మిస్సీ ఒకటిన్నరకి ఒప్పుకునే రకం కాదు. స్కూటర్ బుట్టలో డబ్బా పాలు కనపడుతూనే ఉన్నాయి.

మిస్సీ రొగాయా పలకరింపులు లేకుండా తక్కెడ తగిలించింది. గుడ్డ ఉయ్యాల విప్పింది. చెంపకని అందులో పెట్టగానే అది కాళ్ళు తన్ని, ఒళ్ళు విరిచి, ఏడుపు లంకించుకుంది. ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగుతోంది. ఏడువందలు దాటింది, తొమ్మిది వందలకి పోయింది, ఎనిమిదికి దిగింది, మళ్ళీ ఎగిరింది. కల్సోమ్ ఖురాను వాక్యాలు గొణుగుతోంది. తుకిరా ఆమె మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేంత గట్టిగా. మిస్రాన్ మెట్ల మీద లేచి నిలబడ్డాడు. రుహానా ముల్లు వంక చూడలేక మిస్సీ మొహం వంక చూస్తోంది.

ముల్లు నిలిచింది. మిస్సీ వంగింది, కళ్ళద్దాలు తుడుచుకుంది, మళ్ళీ వంగింది.

"రెండు కిలోల తొమ్మిది వందల యాభై," అంది. ఆవిడ నవ్వగా ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు, ఆ రోజు చూశారు. "ఏం పెట్టారమ్మా దీనికి?"

"నా కొరమీను," అంది కల్సోమ్.

"ఏం మాట అది? నా కటుక్ ఆకు," అంది తుకిరా.

"చేప లేకపోతే ఆకు ఏం చేస్తుంది?"

"పదమూడు రోజులు మీ చేప నా కొడుకు తిన్నాడు. వాడేమన్నా ఇచ్చాడా పాలు?"

"ఆ డబ్బా వెనక్కి తీసుకుపోకండి మిస్సీ," అంది కల్సోమ్. "మా అల్లుడికి పట్టిద్దాం. గంజితో పాపం చిక్కిపోయాడు."

మిస్సీ కార్డు నింపడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా ఆగాలని ఎవరో అన్నారు, రుహానా వినలేదు. ఏడుస్తున్న పిల్లని తక్కెడలోంచి తీసేసుకుంది. అప్పటికే ఆమె రవిక రెండువైపులా తడిసి, పాలు నడికట్టు మీదికి కారుతున్నాయి. గుమ్మంలోనే చతికిలబడి, అందరికీ వీపు తిప్పి, చెంపకని ఒళ్ళో వేసుకుంది. ఏడుపు టక్కున ఆగింది. వెనక కొరమీనా ఆకా అని సాగుతున్న వాదన కూడా ఆగింది. చెంపక గుటకలు వేస్తున్న చప్పుడు పైమెట్టు నుంచి కిందిమెట్టుదాకా వినిపిస్తోంది, ఒకదాని వెనక ఒకటి, తెరిపి లేకుండా. కల్సోమ్, తుకిరా మెట్ల మీద పక్కపక్కనే కూచుని, పిల్ల రెండోవైపుకి మారేదాకా వింటూనే ఉన్నారు.